ఇసుక పోయాక నీళ్లు ఎక్కడ పోయాలి?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కంకర తవ్విన గుంట చట్టం దృష్టిలో బావి. దానికి మోటారు ఉండదు, పైపు ఉండదు, అందులోంచి ఎవరూ చెంబెడు నీళ్లు తోడుకోరు. అయినా బావే. తవ్వుతుండగా భూగర్భజలం బయటపడింది. బయటపడ్డ నీళ్లను ఎండ తాగుతోంది. అవి పక్కనున్న నదికి ఊటగా చేరాల్సిన నీళ్లు. కాబట్టి గుంట యజమాని బావికి తీసుకున్నట్టే పర్మిట్ తీసుకోవాలి. ఎండ ఎంత తాగిందో లెక్కగట్టి, అన్ని నీళ్లూ మరోచోటు నుంచి తెచ్చి నదికి అప్పజెప్పాలి. కంకర తీయడం ఆపేసినా ఈ బాకీ తీరదు. గుంటలో నీళ్లు కనబడినంత కాలం నడుస్తూనే ఉంటుంది.

ఈ సంగతి తేల్చింది 1988లో కొలరాడో సుప్రీంకోర్టు. జిగన్ శాండ్ అండ్ గ్రావెల్ అనే కంపెనీ ఒకవైపు, క్యాష్ లా పూడర్ నది నీటి వినియోగదారుల సంఘం మరోవైపు. గుంట బావి ఎలా అవుతుందన్నది కేసు. భూగర్భజలం బయటపడ్డాక అది బావే, భర్తీ పథకం ఉండాల్సిందే అంది కోర్టు. మరుసటి ఏడాది అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. 1980 డిసెంబరు 31 నాటికే నీళ్లు బయటపడి ఉన్న పాత గుంటలకు ఆవిరి బాకీ మాఫీ చేసి, ఆ తర్వాతి వాటన్నిటికీ భర్తీ తప్పనిసరి చేసింది.

మన ఇసుక రీచ్‌ల గొడవలు చదివినప్పుడల్లా నాకు ఈ కేసు గుర్తొస్తుంది. అక్కడి చట్టాన్ని తెచ్చి ఇక్కడ పెట్టేస్తే చాలని కాదు. పెడితే పనిచేయదు కూడా. ఎందుకు పనిచేయదో చూస్తేనే మన ఏళ్లలో నిజంగా పోతున్నదేమిటో తెలుస్తుంది. కంకరో ఇసుకో తవ్వినప్పుడు రెండు రకాల నష్టం జరుగుతుంది. ఒకటి నీళ్లు పోవడం. రెండోది నీళ్లు నిలిచే చోటు పోవడం. మొదటిదాన్ని నీళ్లతో పూడ్చవచ్చు. రెండోదాన్ని ఎన్ని నీళ్లు పోసినా పూడ్చలేం.

ముందు కొలరాడో లెక్క పూర్తి చేద్దాం.

సౌత్ ప్లాట్ నది రాకీ పర్వతాల్లో పుట్టి, డెన్వర్ నగరం మధ్యగా పారి, గ్రీలీ పట్నం మీదుగా మైదానంలో దిగి నెబ్రాస్కా రాష్ట్రంలోకి వెళ్తుంది. కొండల నుంచి వేల ఏళ్లుగా కొట్టుకొచ్చిన గులకరాళ్లూ ఇసుకా దాని లోయలో మందంగా పరుచుకుని ఉన్నాయి. వాటి అడుగున నీరు దిగని షేల్ రాయి. కొన్ని మీటర్లు తవ్వితే నీళ్లు. డెన్వర్ చుట్టుపక్కల నగరాల కాంక్రీటుకు చాలా కంకర ఈ లోయదే. విమానం డెన్వర్‌లో దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే నది పొడవునా నలుచదరపు చెరువులు వరసగా మెరుస్తుంటాయి. ఉద్యోగాలకు అక్కడికి వెళ్లిన మనవాళ్లు వాటిని ఎవరో తవ్వించిన చెరువులనుకుంటే తప్పేమీ లేదు. కానీ వాటిలో చాలావాటిని తవ్వింది నీళ్ల కోసం కాదు.

అది వాన తక్కువ దేశం. డెన్వర్‌లో ఏడాదికి 400 మిల్లీమీటర్లు కూడా పడదు, మన అనంతపురం కంటే తక్కువ. అందుకే 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే నీటికి ఒక క్రమం పెట్టుకున్నారు. ఎవరు ముందు నీటిని మళ్లించి వాడారో వారిది ముందు హక్కు. నదిలో నీళ్లు తగ్గితే చివర వచ్చినవారి తూము మొదట మూసేస్తారు. 1969లో చేసిన చట్టం నది పక్క బావులనూ ఇదే వరసలోకి తెచ్చింది. బావి తోడేది కూడా చివరికి నది నీళ్లే కదా. ఆలస్యంగా వచ్చినవాడు బావి వాడుకోవాలంటే ముందున్నవారికి నష్టం రాకుండా నీళ్లు భర్తీ చేయాలి. ఇది కాగితం మీది నియమం కాదు. భర్తీకి నీళ్లు చూపించలేక 2006లో సౌత్ ప్లాట్ లోయలో వందల సేద్యపు బావులు, పైర్లు వేసుకున్నాక, ఆగిపోయాయి. బావికి మోటారు ఉన్న రైతు దగ్గర ఇంత గట్టిగా ఉన్న చట్టం, మోటారు లేని కంకర గుంటను వదిలేస్తే మిగతా అందరూ ఊరుకోరు. పై తీర్పు వెనక ఉన్న న్యాయం అదీ.

ఇక గుంట బాకీ ఎంత? ఆ ప్రాంతంలో తెరిచి ఉన్న నీటి ఉపరితలం నుంచి ఏడాదికి దాదాపు మీటరు లోతు నీరు ఆవిరవుతుంది. 40 హెక్టార్ల గుంట అనుకుంటే 4 లక్షల ఘనపు మీటర్లు. ఆ గుంట మీద కురిసే కొద్దిపాటి వానను మినహాయించినా 3 లక్షల దరిదాపున ఉంటుంది. దీనికి తోడు తడి కంకరతో పాటు లారీలెక్కి వెళ్లిపోయే నీరు. కడిగిన కంకర బరువులో 4 శాతం నీరని లెక్కేస్తారు. దారుల్లో దుమ్ము లేవకుండా చల్లే నీళ్లు కూడా ఖాతాలోకే వస్తాయి. ఇంత పట్టింపు అవసరమా అనిపించవచ్చు. లక్ష టన్నుల కంకరలో 4 శాతమంటే 4 వేల టన్నుల నీరు. పట్టించుకోవాల్సిందే.

అంతకన్నా ఆసక్తిగా ఉండేది కాలం లెక్క. గుంటలో ఇవాళ ఆవిరైన నీటి లోటు నదిలో ఇవాళే కనబడదు. అది ఇసుక పొరల గుండా నెమ్మదిగా ప్రయాణించి నదిని చేరుతుంది. అమెరికా ప్రభుత్వ నీటిపారుదల సంస్థలో పనిచేసిన రాబర్ట్ గ్లోవర్ అనే ఇంజనీరు 1954లో తన సహచరుడితో కలిసి దీనికొక సూత్రం ఇచ్చాడు. ఇప్పటికీ కొలరాడోలో భర్తీ లెక్కలకు అదే ఆధారం. అందులోని కీలకం ఇది: నదికి దూరం రెట్టింపైతే ఆలస్యం నాలుగింతలు. మంచి కంకర పొరలో నదికి 100 మీటర్ల దూరంలో దాదాపు రెండు రోజుల్లో తెలిసే ప్రభావం, కిలోమీటరు దూరంలో ఆరేడు నెలలు తీసుకుంటుంది. ఎండాకాలంలో ఆవిరైన నీటికి చలికాలంలో బాకీ కట్టాల్సి రావచ్చు. గుంట పూడ్చేశాక కూడా పాత ఆవిరి తాలూకు లోటు కొన్నాళ్లు నదిని తాకుతూనే ఉంటుంది.

ఈ ఆలస్యాన్నే తెలివిగా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. చలికాలంలో నదిలో ఎవరికీ పట్టని నీళ్లుంటాయి. వాటిని నదికి దూరంగా ఇసుక నేలల్లో తవ్విన ఇంకుడు చెరువుల్లోకి మళ్లిస్తారు. నీళ్లు ఇంకి, భూమిలో నెలల తరబడి నడిచి, సరిగ్గా అవసరమైన కాలానికి ఊటగా నదిలో తేలతాయి. దూరం ఎంచుకోవడమే కాలం ఎంచుకోవడం. రాష్ట్ర ఈశాన్య మూలన టామరాక్ అనే చోట వలస కొంగల కోసం నదిలో నీరు పెంచడానికి కూడా ఈ పద్ధతే వాడుతున్నారు.

అయితే భర్తీకి తెచ్చే నీళ్లు ఎక్కడివి? నదిలో కొత్త నీళ్లేమీ పుట్టవు. చాలా సందర్భాల్లో కంపెనీ ఏదో పాత కాలువలో రైతుల వాటా కొంటుంది. ఆ వాటాతో తడిసే పొలం ఇకమీదట బీడు. అల్ఫాల్ఫా గడ్డి పెరిగి గాలిలోకి వదిలిన తేమకు బదులు గుంట నుంచి ఆవిరి లేస్తుంది. నది ఖాతా సరిపోతుంది, పొలం ఖాతాలో మాత్రం సున్నా. కొలరాడో పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి చివరి వాక్యంలో చెప్పి దాటేస్తుంటారు. నాకైతే అది మొదట చెప్పాల్సిన సంగతి అనిపిస్తుంది.

ఇంకో దారి కూడా కొందరికి తట్టింది. నది గట్టున చెట్లు కూడా నీళ్లు తాగుతాయి కదా, వాటిని నరికేసి, అవి తాగే నీటిని మా పేర రాయండి అన్నారు. షెల్టన్ ఫార్మ్స్ అనే సంస్థ ఆర్కన్సా నది ఒడ్డున కాటన్‌వుడ్, టామరిస్క్ చెట్లు నరికి సరిగ్గా అదే అడిగింది. 1974లో కోర్టు కుదరదంది. దీన్ని ఒప్పుకుంటే నది ఒడ్డున చెట్టన్నది మిగలదని న్యాయమూర్తులకు అర్థమైంది.

ఆవిరి బాకీ వదిలించుకునే మార్గం ఒకటుంది. గుంట చుట్టూ షేల్ రాయి దాకా కందకం తవ్వి, బెంటొనైట్ బంకమట్టి కలిపిన గోడ కట్టడం. లోపలి నీళ్లకూ బయటి భూగర్భజలానికీ సంబంధం తెగిపోతుంది. గోడ నీరు కారనివ్వడం లేదని 90 రోజుల పరీక్షలో రుజువు చేస్తే అది ఇక బావి కాదు, తొట్టి. నగరాలు అలాంటి తొట్టెలను జలాశయాలుగా కొనుక్కుంటున్నాయి. కంకర కన్నా గుంటకే గిరాకీ అనిపించే చోట్లూ ఉన్నాయి. కానీ భూమిలో ఊట నడిచే దారికి అడ్డంగా గోడలు లేస్తే ఎగువన నీటిమట్టం ఉబ్బుతుంది, దిగువన పడిపోతుంది. ఎగువ ఇళ్ల సెల్లార్లలో నీళ్లు, దిగువ బావిలో బురద. ఇక నది తనంతట తాను గుంటలోకి దూకితే చెప్పేదేముంది? 2013 సెప్టెంబరు వరదల్లో సెయింట్ వ్రెయిన్ ఏరు గట్లు తెంచుకుని కంకర గుంటల్లోకి పారి, పాత దారినే వదిలేసిన చోట్లున్నాయి.

పెన్న ఇసుక కింద

ఇప్పుడు మన ఏళ్ల దగ్గరికి వద్దాం. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు, స్వర్ణముఖి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి కనబడతాయి. కనబడటం వరకే. ఇసుకలో మోచేతి లోతు తీసి చెలమ చేస్తే నీళ్లూరిన రోజులు యాభై ఏళ్లు దాటినవాళ్లందరికీ తెలుసు. రాయలసీమలో ఊట కాలువలు ఉండేవి. ఏటి వాలు కన్నా తక్కువ వాలుతో ఇసుకలో కాలువ తీసుకుంటూ పోతే, ఇసుక కింద నడిచే నీరు కొంతదూరం తర్వాత నేలమట్టానికి తేలి పొలానికి పారుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఏటా పూడిక తీసుకోవడమే ఖర్చు. ఏటి పడక దిగిపోతే ఆ కాలువ తల గాల్లో వేలాడుతుంది. ఊట కాలువలు చచ్చిపోవడానికి బోర్లు ఒక కారణమైతే, పడక దిగిపోవడం ఇంకో కారణం.

ఇసుకలో నీళ్లెంత ఉంటాయన్నది ఊహించుకోవడం కష్టం కాబట్టి లెక్కే చేద్దాం. ఏటి ముతక ఇసుకలో గింజల మధ్య ఖాళీ మూడో వంతు పైగా ఉంటుంది. అందులో కొంత నీరు గింజలను అంటుకుని ఉండిపోతుంది. తోడుకోగలిగింది 20 శాతం అనుకుందాం, ఎక్కువ వేయడం లేదు. ఏరు 200 మీటర్ల వెడల్పు, రీచ్ కిలోమీటరు పొడవు, 2 మీటర్లు తవ్వారు. పోయిన ఇసుక 4 లక్షల ఘనపు మీటర్లు. దాంతోపాటు పోయిన నీటి చోటు 80 వేల ఘనపు మీటర్లు, అంటే 8 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్లన్నది జల్ జీవన్ మిషన్ లెక్క. 4 వేల మంది ఉన్న ఊరికి దాదాపు ఏడాది పొడవునా సరిపోయే నీళ్లు. అదీ ఒక నింపుకే. వరద వచ్చిన ప్రతిసారీ ఆ చోటు నిండి ఉండేది.

ఇంకా చిన్నగా చూడాలంటే, ట్రాక్టరు ట్రక్కులో సుమారు 3 ఘనపు మీటర్ల ఇసుక పడుతుంది. దాంతోపాటు 600 లీటర్ల నీటి చోటు బండెక్కుతుంది. ఇల్లు కట్టుకునే మనిషికి ఆ సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరం అతనికి లేదేమో కానీ, రసీదు రాసేవాడికి ఉంది.

గట్టుకు అటూ ఇటూ ఉన్న నేల సంగతి వేరు. రాయలసీమలో చాలాచోట్ల, తెలంగాణలో అత్యధిక భాగం, కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. పైన చీకిపోయిన పొర కొన్ని మీటర్లు, దాని కింద పగుళ్లు. ఆ పొరలో తోడుకోగలిగిన నీరు 2 శాతం అటూ ఇటూ. అంటే ఘనపు మీటరు ఇసుక దాచేంత నీటిని దాచడానికి చీకురాయి పది ఘనపు మీటర్లు కావాలి. ఏటి ఇసుక మన రాతి నేలల్లో అరుదైన ఆస్తి, రాళ్ల మధ్య దొరికే వజ్రం మాదిరి కాకపోయినా దాని తర్వాతి స్థానం ఇవ్వవచ్చు. పైగా చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం ఏటి నీటిమట్టాన్ని చూసి నిలబడుతుంది. ఏటిలో మట్టం 2 మీటర్లు దిగితే గట్టున బావుల్లోని నీరు ఆ పల్లానికి జారడం మొదలుపెడుతుంది. లోతు తక్కువ బావి ముందు ఎండుతుంది. ఆ రైతు బోరు వేస్తాడు. ఆ బోరు పక్కవాడి బావిని ఎండగడుతుంది. ఇసుక లారీ వెళ్లిపోయి చాలాకాలమై ఉంటుంది కాబట్టి నేరం బోరు మీద పడుతుంది.

ఇక్కడ కాంట్రాక్టర్లు ఒక మాటంటారు. ఇసుకలో ఐదో వంతు నీళ్లే కదా, ఇసుక తీసిన గుంటలో నిండా నీళ్లే, మేం నీళ్లు పెంచుతున్నాం అని. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదిది. కొలరాడో లోయలో, నేల చదునుగా ఉండి నీటిమట్టం పైనే ఉన్నచోట అది సగం నిజం కూడా. మన ఏట్లో అబద్ధం. ఏటి పడక వాలుగా ఉంటుంది. అడ్డంగా తవ్విన గుంటలో నీరు దిగువ వైపు ఇసుకలోకి జారి, మట్టం అక్కడి స్థాయికి దిగుతుంది. మిగిలిన నీటిని మన ఎండ ఊరికే వదలదు. ఏడాదికి మీటరున్నర పైమాటే లాగేస్తుంది. అదే నీరు ఇసుక కింద ఉంటే? నమీబియాలో స్వాకోప్ అనే ఎండు నది ఇసుక మీద 1970ల్లో ప్రయోగాలు చేశారు. నీటిమట్టం ఇసుక పైభాగానికి 60 సెంటీమీటర్ల కింద ఉంటే ఆవిరి తెరిచి ఉన్న నీటితో పోలిస్తే దాదాపు పదో వంతుకు పడిపోయింది. రెండడుగుల ఎండు ఇసుక చేసే పని అది. పై పొరను తీసేస్తే ఆ కప్పు పోయినట్టే.

గుంటకు ఇంకో గుణం ఉంది. వరద నీళ్లు గుంటలో నెమ్మదించగానే అందులోని సన్న ఒండ్రు కిందికి దిగి అడుగున మెత్తగా పరుచుకుంటుంది. రెండు మూడు వరదలకు గుంట అడుగు బంకగా మూసుకుపోతుంది. ఇంకుడు ఆగుతుంది. గుంట ఎగువ అంచు దగ్గర నీరు జోరుగా దూకి ఆ అంచును కోసుకుంటూ పైకి పాకుతుంది. రీచ్ ఉన్న ఊరిలో తవ్వితే పై ఊరి వంతెన పునాదులు బయటపడటం అందుకే. ఇసుక మోసే పని లేని వరద తన బలమంతా పడక మీద, గట్టు మీద చూపుతుంది. ఇలాంటి నీటిని కాలిఫోర్నియా శాస్త్రవేత్త మ్యాట్ కొండాల్ఫ్ 1997లో రాసిన వ్యాసంలో ఆకలిగొన్న నీరన్నాడు. ఆనకట్టల కింద వచ్చే నీటికీ ఇదే జబ్బు.

సముద్రానికి దగ్గరైన చోట కథ మారుతుంది. డెల్టాల్లో ఫిల్టర్ పాయింట్లతో సేద్యం చేసే రైతులకు నీటి లోటు కన్నా ఉప్పు భయం ఎక్కువ. పడక సముద్రమట్టం కన్నా దిగితే పోటు నీరు ఏట్లో ఎగువకు ఎక్కుతుంది. అక్కడ ఎన్ని నీళ్లు భర్తీ చేసినా ఉప్పు తేరడానికి ఏళ్లు పడుతుంది.

తిరిగొచ్చేది ఇసుకేనా?

మన చట్టాల్లోనూ భర్తీ ఉంది. కొలరాడో నీళ్ల భర్తీ అడిగితే మనం ఇసుక భర్తీ అడుగుతాం. చదివినంతలో మన దారే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ పోతున్నది చోటు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద చేసిన నిబంధనలు చిన్న వాగుల్లో ఇసుకను స్థానిక అవసరాలకే పరిమితం చేశాయి. పెద్ద ఏళ్లలో కూడా ఇసుక మందం 8 మీటర్లు దాటితేనే 2 మీటర్ల దాకా తీయనిచ్చాయి, అంతకు తక్కువైతే ఒక్క మీటరే. వంతెనలు, ఆనకట్టలు, మంచినీటి పథకాల వంటి వాటికి 500 మీటర్ల దూరం పెట్టాయి. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలంది. దాని తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ 2016లో, మళ్లీ 2020లో ఇసుక తవ్వకాల మార్గదర్శకాలు తెచ్చింది. వానలకు ముందూ తర్వాతా పడక ఎత్తు కొలిచి, ఎంత ఇసుక తిరిగి చేరిందో చూసి, దాన్ని బట్టే తవ్వకం అనుమతించాలన్నది వాటి సారం.

ఇసుక తిరిగి రావాలంటే అది ఎక్కడినుంచో బయల్దేరాలి. పెన్న మీద సోమశిల ఉంది, మైలవరం ఉంది, గండికోట ఉంది. ప్రతి జలాశయం ముతక ఇసుకను తన వెనకే పట్టుకుంటుంది, గేట్ల కిందికి వచ్చేది సన్న బురద. ఉపనదుల మీదా చెరువులు, చెక్‌డ్యాములు. ఇవన్నీ అవసరం లేదని కాదు. కానీ ఆనకట్ట కింది రీచ్‌లో ఇసుకను ఏటేటా పండే పంటగా లెక్కేయడం లెక్క తప్పు. అది ఒకసారి తవ్వితే అయిపోయే గని. ఏటి ఇసుకకు బదులు రాయి పొడిచేసి తీసే రాతి ఇసుక వాడకం పెరగడం మంచిదే. అయినా దాని ధర ఏటి ఇసుకతో పోటీ పడాలి. ఏటి ఇసుక ధరలో నీటి చోటు ఖరీదు లేకపోతే పోటీ మొదటి నుంచే వంకర. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ మళ్లీ ఉచిత ఇసుక విధానం తెచ్చింది. అంతకుముందు ఇసుక ధర కట్టించుకున్న రోజుల్లోనూ బిల్లులో ఆ 600 లీటర్ల పద్దు లేదు.

పోయిన చోటును తిరిగి తెచ్చే మార్గాలు కొన్ని ఉన్నాయి, హద్దులతో. ఒకటి భూగర్భ ఆనకట్ట. వేసవిలో ఏటికి అడ్డంగా రాతి దాకా కందకం తీసి, బంకమట్టితోనో ప్లాస్టిక్ షీటుతోనో కట్టుబడితోనో గోడ పెట్టి, మళ్లీ ఇసుక కప్పేస్తారు. గోడ తల పడకకు కొంచెం కిందే ఉంటుంది కాబట్టి వరదకు అడ్డు రాదు. కొలరాడోలో గుంట చుట్టూ కట్టే గోడా ఇదీ ఒకే విద్య. అక్కడ భూగర్భజలాన్ని బయట ఉంచడానికి, ఇక్కడ లోపల నిలపడానికి. స్వర్ణముఖి మీద ఇలాంటివి వరసగా కట్టారు. వాటి వల్ల చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం పెరిగిన తీరు మీద 2006లో ఒక అంతర్జాతీయ భూగర్భజల పత్రికలో అధ్యయనం వచ్చింది. కానీ అక్కడిలాగే ఇక్కడా గోడకు దిగువనున్నవాళ్లు ఓడిపోతారు. రెండు గోడల మధ్య దూరం, గోడ తల ఎత్తు దిగువ ఊళ్లవాళ్లతో మాట్లాడుకుని తేల్చుకోవాల్సినవి, ఇంజనీరు ఒక్కడే కూర్చుని గీసేవి కావు.

రెండో మార్గం కెన్యాది. కీటుయి, మచాకోస్ ప్రాంతాల్లో ఎండు ఏళ్లకు అడ్డంగా రాతి మీద చిన్న కాంక్రీటు కట్టలు కడతారు. వరద తెచ్చిన ముతక ఇసుక కట్ట వెనక నిండుతుంది, సన్న మట్టి పైనుంచి పారిపోతుంది. కొన్ని వానాకాలాలకు కట్ట వెనక కొత్త ఇసుక మేట, అందులో నీళ్లు. పోయిన చోటుకు నిజమైన భర్తీ అంటే ఇదే. అయితే దానికి మూడు కలిసి రావాలి: రాయి పైనే ఉండాలి, ఎగువ కొండల్లో ఇసుక పుట్టాలి, ఏరు ఇరుకుగా ఉండాలి. అనంతపురం, చిత్తూరు వైపు వాగుల్లో ఇవి కుదురుతాయి. నెల్లూరు దగ్గర పెన్నలో కుదరవు. అక్కడ పోయిన ఇసుకకు ప్రత్యామ్నాయం లేదు.

కొలరాడో నుంచి మనం తెచ్చుకోదగ్గది భర్తీ పద్ధతి కాదు, ఖాతా రాసే పద్ధతి. తవ్వేవాడి పేర, నష్టం మొదలైన రోజు నుంచి, అది ఆగేదాకా. రీచ్ ఇచ్చే ముందు ఇసుక మందం ఎంత, అందులో నీటిమట్టం ఎక్కడుంది, అర కిలోమీటరు లోపల ఏ బావిలో ఎంత నీరుంది అన్నవి కొలిచి పంచాయతీ గోడ మీద రాయాలి. తవ్వకం సాగినన్నాళ్లూ, ఆగాక మరో రెండు మూడేళ్లూ అదే బావులను కొలవాలి. గ్లోవర్ సూత్రం చెప్పిందే కదా, దూరపు బావికి కబురు ఆలస్యంగా అందుతుంది. తవ్వకం ముగిసిన నెలలో కొలిచి ఏమీ కాలేదని సర్టిఫికెట్ ఇవ్వడం ఆ సూత్రం తెలియకపోవడమన్నా కావాలి, బాగా తెలిసి ఉండటమన్నా కావాలి.

భూగర్భ ఆనకట్టలు కట్టినచోట ఇంకో చిన్న పని మిగిలి ఉంటుంది. అవి పైకి కనబడవు. రాత్రిపూట ఏట్లోకి దిగిన జేసీబీ డ్రైవరుకు తన బకెట్ కింద గోడ ఉందని తెలియదు. ఇసుక తీసేస్తే గోడ తల బయటపడుతుంది, వరద దాని దిగువన పడి కాలు కోస్తుంది, రెండు మూడేళ్లలో గోడే కొట్టుకుపోతుంది. వంతెనకు 500 మీటర్ల రక్షణ ఉందని అందరికీ తెలుసు, ఎందుకంటే వంతెన కనబడుతుంది. కనబడని కట్టడానికి అదే రక్షణ దక్కాలంటే రెండు గట్ల మీదా హద్దురాళ్లు పాతి, వాటి మీద గోడ లోతు, కట్టిన ఏడు, తవ్వకూడని దూరం చెక్కించాలి. రీచ్ మ్యాపులో కూడా ఆ గీత ఉండాలి.